నడుముకు ఆపరేషన్: ఎప్పుడు ఆగరాదు, ఎప్పుడు ఆగాలి



వైద్య సహాయం కోరుతూ సంఘానికి వచ్చే అర్జీలలో ఒక రకానిది మమ్మల్ని ఎక్కువసేపు ఆలోచనలో పడేస్తుంది. అర్జీదారుకు ఇరవై నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసు. ఒక చేతిలో స్కానింగ్ ఫిలిం ఉన్న పెద్ద కవరు, ఇంకో చేతిలో ఆసుపత్రివారు రాసిచ్చిన ఎస్టిమేటు. మదనపల్లె టమోటా మండీలో క్రేట్లు ఎత్తే కుర్రవాడు కావచ్చు. పుంగనూరులో ఆటో నడిపేవాడు కావచ్చు. కుప్పం దగ్గర గ్రానైట్ పనికి పోయేవాడు కావచ్చు. మగ్గం గుంటలో కూర్చుని నేసేవాడో, పొద్దంతా కుట్టు మిషను తొక్కే ఆడపిల్లో కావచ్చు. వారి వెంట వచ్చిన అమ్మీ అబ్బా అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "సార్, కోయించమంటారా, వద్దంటారా?"

మేము బడిపంతుళ్లం, వైద్యులం కాము. కోయాలా వద్దా అని చెప్పే అధికారం మాకు లేదు. అయితే ఒక చిక్కు ప్రశ్నను ముక్కలు చేసి, ఏది ముందు అడగాలో ఏది తరువాత అడగాలో వరసగా పెట్టడం మా వృత్తి. ఈ వ్యాసంలో చేసేది ఆ పనే. డబ్బు ఇచ్చేవారికీ, డబ్బు అవసరమైనవారికీ ఇద్దరికీ ఇది ఉపయోగపడాలని మా కోరిక.

ముందుగా సారాంశం చెబుతాము. నొప్పి ఎంత గట్టిగా ఉందన్న దానిని బట్టి ఆపరేషన్ నిర్ణయం కాకూడదు. మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. నరం పని చేస్తోందా? జబ్బు ఏది? ఎన్ని వారాలు గడిచాయి? ఈ మూడూ తేలితే చాలామంది విషయంలో దారి దానంతట అదే కనబడుతుంది.

వెన్ను లోపల ఏముంది?

మన నడుము భాగంలో ఐదు వెన్నుపూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. రెండు పూసల నడుమ మెత్తలాంటి డిస్కు ఉంటుంది. డిస్కు అంచు గట్టి పీచు, నడుమ జిగురులాంటి పదార్థం. మనం వంగినా, బరువెత్తినా, బస్సులో కుదుపులకు ఎగిరినా దెబ్బ ఎముకకు తగలకుండా ఆ మెత్తే భరిస్తుంది. పూసల వెనుక ఉన్న గొట్టంలో నరాలు దిగుతాయి. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నరాలు గుర్రపు తోకలాగా గుత్తిగా సాగి కాళ్లకు, మూత్రాశయానికి, మలద్వారానికి వెళతాయి.

డిస్కు అంచు చిట్లి లోపలి జిగురు బయటికి ఉబికినప్పుడు పక్కనున్న నరాన్ని తాకుతుంది. అప్పుడు నొప్పి నడుములో ఆగదు. పిర్ర మీదుగా తొడ వెనక నుంచి పిక్కకు, పాదానికి కరెంటు షాకులాగా దిగుతుంది. దీనినే సయాటికా అంటారు. కాలి నొప్పికి మూలం నడుములోని డిస్కు కావచ్చునని మిక్స్టర్, బార్ అనే ఇద్దరు అమెరికా శస్త్రవైద్యులు 1934లో స్పష్టంగా రాశారు. డిస్కు ఆపరేషన్లు విస్తరించింది ఆ తరువాతే.

ఇక్కడొక ముఖ్యమైన తేడా ఉంది. డిస్కు ముక్కను తీసే ఆపరేషన్ ప్రధానంగా కాలిలోకి దిగే నొప్పిని తగ్గిస్తుంది. ఉత్త నడుము నొప్పికి దాని ప్రయోజనం అంత నమ్మకంగా చెప్పలేము. కనుక అర్జీదారును మేము అడిగే మొదటి మాట ఇది: "నాయనా, నొప్పి నడుములో ఎక్కువా, కాలిలో ఎక్కువా?"

మొదటి ప్రశ్న: నరం పని చేస్తోందా?

కొన్ని గుర్తులు కనబడితే ఆలోచనకు, అర్జీకి, సంతకాలకు సమయం లేదు. ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.

మూత్రం బిగుసుకుపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. సైకిలు సీటు తగిలే చోట స్పర్శ తెలియకపోవడం. రెండు కాళ్లూ ఒకేసారి నీరసించడం. ఇవి గుర్రపు తోక లాంటి ఆ నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోయిందని చెప్పే సూచనలు. ఇక్కడ గంటలు కూడా లెక్కే. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు, కాళ్ల బలం తిరిగి రాకపోవచ్చు. సిగ్గుపడి ఈ సంగతి ఇంట్లో చెప్పని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు ఉంటారు. తల్లులు మెల్లగా అడిగి తెలుసుకోవాలి.

రెండో గుర్తు పాదం వేలాడిపోవడం. నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, కాలి బొటనవేలు పైకి లేవదు, మడమల మీద నడవలేరు. బలహీనత రోజురోజుకూ పెరుగుతుంటే వెంటనే శస్త్రవైద్యునికి చూపించాలి.

మూడో గుర్తు, ఎత్తు నుంచి పడినప్పుడు లేదా రోడ్డు ప్రమాదంలో వెన్నుకు దెబ్బ తగలడం. అటువంటి మనిషిని చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో కుదించి కూర్చోబెట్టరాదు. చదునైన పలక మీద, మెడ నడుము కదలకుండా తీసుకుపోవాలి. 108 వాహనాన్ని పిలవాలి.

చిత్తూరు ప్రాంతంలో చేయి విరిగినా కాలు విరిగినా పుత్తూరు కట్టుకు పోవడం తరతరాల అలవాటు. ఆ నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు. కానీ వెన్నులో నరం నొక్కుకుపోవడం కట్టుతో తీరే సంగతి కాదు. పైన చెప్పిన గుర్తులు ఉన్నవారికి నడుము తోమడం, తొక్కించడం, విరవడం చాలా ప్రమాదం.

రెండో ప్రశ్న: జబ్బు ఏది?

పై గుర్తులు లేవనుకుందాం. అప్పుడు తేల్చవలసింది జబ్బు పేరు. వయసులో ఉన్నవారి నడుము నొప్పి అంతా డిస్కు నొప్పి కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది కండరం పట్టేయడం. అది కొద్ది వారాల్లో తగ్గుతుంది, ఆపరేషన్ మాటే రాదు. రెండవది డిస్కు.

మూడవది వెన్నుపూసల వాతం. దీనిని యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. వయసు కుర్రవాళ్లలో మొదలవుతుంది. తెల్లవారి లేవగానే నడుము కర్రలాగా బిగుసుకుంటుంది. నడిస్తే, పని చేస్తే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. మూడు నెలలు దాటినా పోదు. దీనికి మందులు, వ్యాయామం కావాలి. చూడవలసింది కీళ్లవాతపు వైద్యులు. డిస్కు నొప్పి అనుకొని ఏళ్లు గడిపేవారు ఉన్నారు.

నాలుగవది వెన్ను వంకర. పక్కకు వంగిన వెన్నుకు ఆపరేషన్ ఎప్పుడు అన్నది వంపు కోణాన్ని బట్టి ఉంటుంది. ఎదుగుదల ఆగిన తరువాత కూడా 50 డిగ్రీలు దాటిన వంపు ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే స్వభావం కలది. కనుక 45, 50 డిగ్రీల దగ్గర వైద్యులు ఆపరేషన్ మాట ఎత్తుతారు. తక్కువ వంపు ఉన్నవారిని ఎక్స్‌రేలతో గమనిస్తూ ఉంటారు. అది నిర్లక్ష్యం కాదు, పద్ధతి.

ఐదవది క్షయ. మన ప్రాంతంవారు దీనిని గురించి కొంచెం ఎక్కువే తెలుసుకోవాలి.

మదనపల్లె పాఠం

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ మొదటి సూపరింటెండెంటుగా అక్కడ నడిచిన యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం దక్షిణ భారతమంతటా పేరు పొందింది. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రెండు కేంద్రాలలో మదనపల్లె ఒకటి. రెండోది మద్రాసులోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. క్షయ ఊపిరితిత్తులకే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఎముకల్లో అది ఎక్కువగా పట్టేది వెన్నునే.

వెన్ను క్షయ గుర్తులు ఇవి: రాత్రిపూట పెరిగే నొప్పి, సాయంత్రం సన్నగా జ్వరం, బరువు తగ్గడం, ఆకలి మందగించడం, వెన్ను మీద ఒకచోట నొక్కితే భరించలేని నొప్పి, ఒక్కోసారి గూని. దగ్గు లేకపోవచ్చు. ఇంటి పక్క సూది వేయించుకుంటూ నెలలు గడిపితే, నొప్పి బిళ్లలు ఈ గుర్తులను కప్పివేస్తాయి. లోపల పూస అరిగిపోతూనే ఉంటుంది.

ఒకప్పుడు వెన్ను క్షయ అంటే నెలల తరబడి మంచం, ప్లాస్టరు, లేదా పెద్ద ఆపరేషన్. అవి నిజంగా అవసరమా అని పరీక్షించినవారు ఉన్నారు. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 1960ల నుంచి కొరియాలో, హాంకాంగ్‌లో, ఆఫ్రికాలో పరిశీలనలు జరిగాయి. మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రంలో కూడా రోగులను వర్గాలుగా విభజించారు. కొందరికి ఇంటి దగ్గర నడుస్తూ తిరుగుతూ మందులు మాత్రమే ఇచ్చారు. కొందరికి పెద్ద ఆపరేషన్ చేసి మందులు ఇచ్చారు. పదేళ్ల పాటు గమనించారు. మందులు మాత్రమే వాడినవారిలో అత్యధికులు ఆపరేషన్ అయినవారితో సమానంగానే బాగున్నారు.

అయితే కాళ్లు పూర్తిగా చచ్చుబడినవారికి ఈ లెక్క వర్తించదు. గూని పెరిగే ప్రమాదం ఉన్న చిన్నపిల్లల విషయమూ వేరు. నరం మీద ఒత్తిడి పెరుగుతున్నా, చీము గడ్డ పెద్దదైనా, పూసలు కూలిపోతున్నా వెన్ను క్షయలోనూ ఆపరేషన్ కావలసి రావచ్చు. మిగిలినవారికి అసలు చికిత్స మందులే. వెన్ను క్షయకు సాధారణంగా ఏడాది పాటు మందులు వాడాలి. అవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పోషణ కోసం నిక్షయ్ పోషణ యోజన కింద రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయాన్ని 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. నొప్పి తగ్గిందని మూడో నెలలో మందు మానేస్తే జబ్బు మొండిదవుతుంది. అటువంటి కుర్రవాడికి మన సంఘం నుంచి కావలసింది ఆపరేషన్ ఖర్చు కంటే ముందు, ఏడాది పాటు ఎవరో ఒకరు "మందు వేసుకున్నావా?" అని అడగడం.

స్కానింగ్ కాగితాన్ని ఎలా చదవాలి?

ఎం.ఆర్.ఐ. రిపోర్టులో "డిస్క్ బల్జ్", "డీజెనరేషన్" అన్న మాటలు చూసి ఇల్లంతా బెంబేలెత్తుతుంది. ఇక్కడ ఒక లెక్క చూడండి. 2015లో అచ్చయిన ఒక సమీక్ష, నడుము నొప్పి అసలే లేని 3110 మంది స్కానింగుల వివరాలను 33 అధ్యయనాల నుంచి సేకరించింది. ఇరవై ఏళ్ల వయసువారిలో నూటికి 37 మందికి డిస్కు అరుగుదల, 30 మందికి డిస్కు ఉబ్బు కనబడ్డాయి. ఎనభై ఏళ్లవారిలో అవి 96, 84. వీరెవరికీ నొప్పి లేదు.

తల నెరిసినట్టే డిస్కు కూడా వయసుతో మారుతుందని దీని అర్థం. స్కానింగ్‌లో కనబడిన డిస్కూ, కాలిలో నొప్పి దిగే దారీ, వైద్యుడు చేతితో పరీక్షించి కనుగొన్న బలహీనతా ఈ మూడూ ఒకే నరాన్ని చూపించాలి. అప్పుడే ఆ డిస్కు దోషి. ఫిలిం ఒక్కటే చూసి, మనిషిని బల్ల మీద పడుకోబెట్టి కాలు ఎత్తి చూడకుండా ఆపరేషన్ తేదీ ఇస్తే, ఇంకో వైద్యుని అభిప్రాయం తీసుకోవడం అవసరం.

మూడో ప్రశ్న: ఎన్ని వారాలు గడిచాయి?

ప్రమాద గుర్తులు లేని డిస్కు నొప్పికి కాలమే పెద్ద మందు. ఉబికిన డిస్కు ముక్కను శరీరం తనంతట తానే కరిగించుకోగలదు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో కాలి నొప్పి దారికి వస్తుంది.

దీనిని నెదర్లాండ్స్ వైద్యులు శ్రద్ధగా పరీక్షించి 2007లో ప్రకటించారు. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన కాలి నొప్పితో బాధపడుతున్న 283 మందిని తీసుకున్నారు. సగం మందికి త్వరగా ఆపరేషన్ అని నిర్ణయించారు. మిగిలినవారికి మందులు, సలహాలు ఇస్తూ ఆగారు. అవసరమైతే తరువాత ఆపరేషన్ చేయవచ్చునన్నారు. ఆపరేషన్ వర్గంవారు సుమారు నాలుగు వారాల్లో కోలుకుంటే, ఆగినవారికి సుమారు పన్నెండు వారాలు పట్టింది. ఆగినవారిలో నూటికి 39 మందికి చివరకు ఆపరేషన్ చేయవలసి వచ్చింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నామని చెప్పారు.

అంటే త్వరగా ఆపరేషన్ చేయించుకుంటే నొప్పి త్వరగా పోతుంది. ఆగితే ఆలస్యంగా పోతుంది. ఏడాది చివర ఇద్దరూ దాదాపు ఒకే చోటికి చేరతారు.

అలాగని ఏళ్ల తరబడి ఆగడం కూడా సరికాదు. 2020లో కెనడా వైద్యులు ప్రకటించిన అధ్యయనంలో నాలుగు నెలల నుంచి ఏడాది వరకు కాలి నొప్పి వదలని 128 మంది ఉన్నారు. ఆరు నెలల తరువాత పదికి కొలిచినప్పుడు ఆపరేషన్ వర్గంవారి కాలి నొప్పి 2.8, మందులు వ్యాయామాల వర్గంవారిది 5.2. అంతకాలం తగ్గని నొప్పికి ఆపరేషన్ మేలు చేసింది.

రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెడితే మనకు దారి దొరుకుతుంది. మొదటి ఆరు వారాలు తొందరపడవద్దు. మూడు, నాలుగు నెలలు సరైన చికిత్స చేయించినా కాలి నొప్పి పనికి, నిద్రకు అడ్డుపడుతుంటే ఆపరేషన్ అంటే భయపడి వాయిదా వేయవద్దు.

ఆగడం అంటే మంచం పట్టడం కాదు. రెండు మూడు రోజులకు మించి పడుకుంటే కండరాలు నీరసిస్తాయి. వీలైనంత నడవాలి. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు రోజూ చేయాలి. బరువులు ఎత్తడం కొంతకాలం మానాలి. నొప్పి బిళ్లలు వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి. వాటిని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ. రుకూ, సజ్దా చేయలేనివారు నొప్పి తగ్గేవరకు కూర్చుని నమాజు చేయవచ్చు, మన ధర్మంలో ఆ వెసులుబాటు ఉంది. ఎలా చేయాలో ఇమాం సాహెబును అడగవచ్చు.

ఒక ఆటగాడి ఉదాహరణ

మా విద్యార్థులకు చెబితే వెంటనే అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. క్రికెట్ బౌలర్ జస్ప్రీత్ బుమ్రాకు 2019లో నడుము ఎముకలో సన్నటి పగులు వచ్చింది. అప్పుడు ఆపరేషన్ లేకుండా విశ్రాంతి, వ్యాయామాలతో కోలుకొని 2020 జనవరిలో తిరిగి ఆడాడు. 2022లో అదే ఇబ్బంది మళ్లీ వచ్చి ప్రపంచ కప్ తప్పిపోయింది. 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు, అప్పటికి వయసు 29. ఆగస్టులో మైదానానికి తిరిగి వచ్చాడు. 2025 జనవరిలో సిడ్నీలో మళ్లీ వెన్ను పట్టేసి కొన్ని నెలలు ఆటకు దూరమయ్యాడు.

డబ్బుకు, వైద్యులకు కొరత లేని మనిషికి కూడా మొదటిసారి ఆగడమే సరిపోయింది. రెండోసారి ఆపరేషన్ అవసరమైంది. ఆ తరువాత కూడా వెన్నును కాచుకోవలసి వస్తూనే ఉంది. మండీలో క్రేటు ఎత్తే కుర్రవాడి వెన్నుకూ ఇదే న్యాయం.

ఆపరేషన్‌కు ముందు అడగవలసిన ప్రశ్నలు

ఆపరేషన్ అంటే ఒకే రకం కాదు. చిన్న కోతతో డిస్కు ముక్క మాత్రమే తీయడం ఒకటి. స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసలను అతికించడం ఇంకొకటి. అతికించిన చోట కదలిక పోతుంది, పక్క డిస్కుల మీద భారం పెరుగుతుంది. ముందు నలభై, యాభై ఏళ్ల జీవితం ఉన్న మనిషికి ఇది పెద్ద తేడా. పూస జారిపోవడం, విరగడం, పెద్ద వంకర వంటి కారణాలు ఉంటే అతికించడమే సరైన చికిత్స. మామూలు డిస్కు ఉబ్బుకు స్క్రూలు ఎందుకో అడిగి తెలుసుకోవాలి.

వైద్యుని ముందు కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకొని పోవాలి.

1. నా జబ్బు పేరు ఏమిటి? ఏ నరం, ఏ పూసల మధ్య?
2. క్షయ, వాతం కాదని ఏ పరీక్షతో తేల్చారు?
3. ఆరు వారాలు ఆగితే నాకు వచ్చే నష్టం ఏమిటి?
4. చేసేది ముక్క తీయడమా, స్క్రూలు వేయడమా? ఎందుకు?
5. ఈ ఆపరేషన్ కాలి నొప్పిని తగ్గిస్తుందా, నడుము నొప్పినా?
6. డిస్కు మళ్లీ ఉబికే అవకాశం ఎంత?
7. ఎన్ని వారాలకు బరువు లేని పని, ఎన్ని నెలలకు బరువు పని?

ఆరో ప్రశ్నకు ఒక మాట. డిస్కు తీసిన తరువాత నూటికి 5 నుంచి 15 మందికి అదే చోట మళ్లీ ఉబికే అవకాశం ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఏడో ప్రశ్నకు ఇంకో మాట. పొగ తాగేవారికి పూసలు అతుక్కోవడం ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు అతుక్కోవు. బీడీ మానకుండా స్క్రూలు వేయించుకోవడం ఖర్చును గాలిలో పెట్టినట్టే.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాము. "నడుముకు కోత పడిన పిల్లను ఎవరు చేసుకుంటారు?" అన్న భయంతో అవసరమైన ఆపరేషన్‌ను ఆపడమూ ఉంది, "పెళ్లిలోగా కానిచ్చేద్దాం" అని అవసరం లేనిదాన్ని తొందరపెట్టడమూ ఉంది. రెండూ పిల్లకు అన్యాయమే. డిస్కు ఆపరేషన్ అయినంత మాత్రాన గర్భం ధరించరాదన్న నియమం లేదు. నిర్ణయం ఆ పిల్ల వెన్ను గురించి, ఆమె మాటతో జరగాలి.

ఎక్కడ చూపించాలి?

మన మూడు ఊళ్లూ మూడు రాష్ట్రాల అంచున ఉండడం ఇక్కడ కలిసివచ్చింది. కుప్పంలోనే పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్, తితిదే వారి బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి. బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. వెల్లూరు సి.ఎం.సి.లో డాక్టర్ జేకబ్ చాందీ 1949లోనే నరాల శస్త్రచికిత్స విభాగాన్ని మొదలుపెట్టారు. కుప్పం నుంచి కాట్పాడికి రైలులో పోవచ్చు.

అదే సి.ఎం.సి.లో డాక్టర్ మేరీ వర్గీస్ కథ తెలుసుకోదగినది. 1954లో ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. ఆమె కృషి వల్ల 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం ఏర్పడింది. వెన్ను దెబ్బతిన్న మనిషికి ఆపరేషన్ థియేటరుతో పని ముగియదని, తిరిగి పనికి, బతుకుకు చేర్చేవరకు వైద్యమేనని ఆ కేంద్రం నేర్పుతోంది.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం కింద పేరున్న ఆసుపత్రిలోనైతే ముందు అక్కడి సహాయక కేంద్రంలో అడగాలి. ఈ ఆపరేషన్ పథకంలో ఉందా, ముందస్తు అనుమతి ఎలా అన్నది వారే చెబుతారు. ఆ దారి ఉన్నప్పుడు సంఘం డబ్బు అక్కడ పెట్టనవసరం లేదు.

దాతలకు మా మనవి

ఇప్పుడు డబ్బు సంగతి. ఏ దాన నిధి అయినా "ఆపరేషన్‌కు మాత్రమే సహాయం" అని నియమం పెట్టుకుంటే ఏం జరుగుతుందో ఆలోచించండి. రెండు నెలలు పని మానుకొని వ్యాయామం చేస్తే బాగయ్యే కుర్రవాడికి ఆ రెండు నెలలు ఇంట్లో బియ్యం ఉండవు. బియ్యానికి సహాయం లేదు, ఆపరేషన్‌కు ఉంది. అప్పుడు అతని కాళ్లు ఎటు నడుస్తాయి? మన డబ్బే అతన్ని ఆపరేషన్ బల్ల వైపు నెట్టినట్టవుతుంది. జకాత్ అయినా సదఖా అయినా మన చేతిలో ఉన్నది అమానత్. అది ఎక్కువమందికి చేరడం ఎంత ముఖ్యమో, ఒక మనిషి నిర్ణయాన్ని వంకర తిప్పకుండా ఉండడం కూడా అంతే ముఖ్యం.

కనుక నడుము జబ్బుల అర్జీలకు సహాయాన్ని మెట్ల వారీగా ఇవ్వాలని మా సూచన. ప్రమాద గుర్తులు ఉన్నవారికి ఏ కాగితమూ అడగకుండా ఆ రోజే ప్రయాణపు ఖర్చు. లేనివారికి ముందు రెండో వైద్యుని అభిప్రాయానికి రానుపోను ఛార్జీలు, అవసరమైన పరీక్షల రుసుము. తరువాత ఫిజియోథెరపీ ఖర్చు, ఆగే ఆరు నుంచి పన్నెండు వారాలకు ఇంటి సరుకులు. క్షయ అని తేలితే ఏడాది పాటు గుడ్లు, పాలు, పప్పు. ఇవన్నీ దాటి ఆపరేషనే మార్గమని తేలినవారికి ఆపరేషన్ ఖర్చుతో పాటు తరువాతి మూడు నెలల వ్యాయామం, బరువులు లేని పని వెతికిపెట్టడం.

ఈ సహాయంలో సగానికి పైగా పేపరులో ఫోటో పడేలాంటిది కాదు. బస్సు టికెట్టుకు, బియ్యం మూటకు శిలాఫలకం ఉండదు. కానీ పాతికేళ్ల కుర్రవాడు తొందరపడి స్క్రూలు వేయించుకోకుండా ఆగగలిగినా, పాదం పడిపోతున్న ఆడపిల్ల అదే రోజు ఆసుపత్రి చేరగలిగినా దాని వెనుక ఉండేవి ఆ టికెట్టూ, ఆ మూటే.

మీ ఇంటి చుట్టుపక్కల నడుము పట్టుకొని నడిచే యువకుడు, యువతి కనబడితే ఈ వ్యాసంలోని మూడు ప్రశ్నలూ అడగండి. ఏడు ప్రశ్నల కాగితాన్ని రాసి చేతికివ్వండి. నిర్ణయం వారిది, వైద్యం వైద్యునిది. నిర్ణయించుకోవడానికి కావలసిన తీరికను మాత్రం మనం ఇవ్వగలం. అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, జబ్బుపడినవారందరికీ షిఫా ప్రసాదించుగాక.